పోసేవాడికి పోసేదెవరు

మా ఆయన జనార్దనరావుగారి గురించి చెప్పాలంటే ముందు ఆయన కుడిచెయ్యి గురించి చెప్పాలి, ఆ తర్వాతే మనిషి గురించి. ఆ చెయ్యి వడ్డించడానికే పుట్టింది. గరిటె తిప్పితే పప్పు ఒక్క చుక్క విస్తరి దాటదు. నెయ్యి పోస్తే ధార తెగదు, అలాగని వరదా కాదు. పెళ్ళిచూపుల్లో సిగ్గుకొద్దీ ఆయన మొహం సరిగా చూడలేదు గానీ, పెళ్ళి భోజనాల దగ్గర పెళ్ళికొడుకై ఉండీ పంచె ఎగ్గట్టి మావాళ్ళకే పులిహోర వడ్డించబోతే, మా పెదనాన్న రెక్క పట్టుకుని కూర్చోబెట్టడం మాత్రం చూశాను. నాకు అప్పుడే అర్థం కావలసింది.

సింగపూర్ వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. తువాస్‌లో ఓడలు బాగుచేసే యార్డులో సేఫ్టీ సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. అక్కడ ఆయన పేరు ఉత్త రావు. ఇక్కడి తెలుగువాళ్ళకి మాత్రం వడ్డన రావుగారంటేనే తెలుస్తుంది. ఉగాది భోజనాలైనా, కార్తీక వనభోజనాలైనా, ఎవరింట్లో వ్రతమైనా బకెట్టు ఆయన చేతిలోనే ఉండేది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదని సామెత. ఈయనకి బంతిలో కూర్చున్న ప్రతివాడూ మనవాడే. పరాయివాడన్న మాటే లేదు.

దానికో శాస్త్రం కూడా ఉంది ఆయన దగ్గర. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగాక పెట్టేదాన్ని వడ్డన అనరు అరుంధతీ, సరఫరా అంటారు" అంటారు. మరి తినేవాడికి ఇంకా కావాలో వద్దో ఎలా తెలుస్తుందంటే, చెయ్యి చూడాలట. విస్తరి మీద అడ్డం పెట్టిన చేతికి వేళ్ళు దగ్గరగా ఉంటే నిజంగా వద్దని. వేళ్ళు విడివిడిగా ఉంటే నోరు వద్దన్నా కడుపు రమ్మంటోందని, ఆ సందుల్లోంచి వడ్డించేయవచ్చని. మొహమాటస్తులందరి వేళ్ళూ విడివిడిగానే ఉంటాయట. నేను నవ్వేదాన్ని గానీ, ఆ లెక్క తప్పగా ఎప్పుడూ చూడలేదు.

నా కడుపుమంట ఏమిటంటే, అందరి చేతులూ చూసే ఈ మనిషి చెయ్యి చూసేవాడు ఎవడూ లేడు. బంతులన్నీ లేచాక, గిన్నెలు గీకి, అడుగున మిగిలినదేదో తనే వేసుకుని, నిలబడే తినేసేవారు. ఇంట్లోనూ అదే తంతు. కూర్చోండి, నేను వడ్డిస్తానంటే కూర్చోరు. కూర్చోబెడితే ఉప్పు కోసం లేస్తారు. ఉప్పు ముందే పెడితే మంచినీళ్ళ కోసం లేస్తారు. కూతురు వర్షితకి నాతోపాటు కంచం ముందు కూర్చున్న తండ్రి ఎలా ఉంటాడో తెలియదంటే నమ్మండి.

ఇప్పుడు ఆ బంతులూ పోయాయి. అన్నిటికీ కేటరింగే. ఎవరి ప్లేటు వాళ్ళు పట్టుకుని లైన్లో నిలబడి ఎవరికి వాళ్ళే వేసుకోవడం. పోయిన ఉగాదికి అలవాటు కొద్దీ బూరెల ట్రే దగ్గరికి వెళ్ళి నిలబడితే, కేటరింగ్ కుర్రవాడు, "అంకుల్, క్యూ అటు నుంచి" అన్నాడు. అప్పటినుంచి ఆ చేతికి దొరికింది నేనొక్కదాన్నే. ఆయన రిటైరయ్యాక నేను లావెక్కాను.

ఇక ఫుమికో ఆంటీ. బెడోక్‌లో మా ఫ్లాట్ ఉన్న కారిడార్‌లోనే చివరి తలుపు ఆవిడది. పుట్టింది జపాన్‌లో, అకితా అనే మంచుప్రాంతంలో. వయసులో ఉండగా ఇక్కడికి ఉద్యోగానికి వచ్చి, లిమ్ అనే బడిపంతుల్ని పెళ్ళాడి, ఈ బ్లాక్‌లోనే డెబ్భై దాటించింది. పిల్లలు లేరు. లిమ్ అంకుల్ పోయి రెండేళ్ళు దాటింది. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషే, ఎవరి ఇంగ్లీషు వాళ్ళది. మీకోసం తెలుగులో చెబుతున్నాను.

లిమ్ అంకుల్ పోయిన కొత్తలో, ఆవిడ ఒక్కర్తీ ఏం తింటోందో ఏమోనని ఈయన బాధపడి ఒక ఆదివారం భోజనానికి పిలిచారు. ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, బెండకాయ వేపుడు చేశాను. ఆవిడ చక్కగా చెంచాతో మెతుకు మిగల్చకుండా తిన్నది. కంచం ఖాళీ అయ్యేసరికి ఈయన మళ్ళీ వడ్డించారు. ఆవిడ మళ్ళీ మెతుకు మిగల్చలేదు. ఈయన మొహం వెలిగిపోతోంది, చాలా కాలానికి తిండిపుష్టి ఉన్న మనిషి దొరికిందని. మళ్ళీ వడ్డించారు. ఆవిడ వంచిన తల ఎత్తకుండా మళ్ళీ తింటోంది. నుదుటి మీద చెమటలు పడుతున్నాయి. చివరికి వర్షిత, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలించి, అడ్డం పడింది.

"నాన్నా, స్టాప్ లా. ఆంటీ పొలైట్‌గా ఫినిష్ చేస్తున్నారు. మీరు ఫినిష్ చేస్తే మళ్ళీ వేస్తున్నారు. దిస్ విల్ నెవర్ ఎండ్."

మర్నాడు పొద్దున్నే ఆవిడ కమలాపళ్ళు పట్టుకుని వచ్చింది. "మా ఊళ్ళో పెట్టింది మిగిల్చితే వండినవాళ్ళని అవమానించినట్టు. అందుకని తిన్నాను. మళ్ళీ పెట్టారు. మళ్ళీ తిన్నాను. రాత్రంతా గోడకి ఆనుకుని కూర్చున్నాను, రావు సాన్" అంది. సాన్ అంటే వాళ్ళ భాషలో గారు.

ఈయన సిగ్గుతో చచ్చిపోయారు. ఆ పాపం కడుక్కోవడానికి ఆవిడని అక్కడే సోఫాలో కూర్చోబెట్టి మన చెయ్యి అడ్డం పెట్టే పద్ధతి నేర్పారు. వేళ్ళు దగ్గరగా అయితే ఇలా, విడిగా అయితే ఇలా. ఆవిడ బడిపిల్లలా ఖాళీ పళ్ళెం మీద చెయ్యి పెట్టి, వేళ్ళు మూసి, తెరిచి, మూసి నేర్చుకుంది. అప్పటినుంచి మాకు స్నేహం కుదిరింది.

ఈ ఏడాది మార్చిలో ఒక రోజు, ఆర్చర్డ్ వైపు జపాన్ సరుకులమ్మే దుకాణం మనిషి ఐసు పెట్టెలో ఒక సీసా తెచ్చి, చివరి ఫ్లాట్‌లో ఎవరూ పలకడం లేదని మా చేతిలో పెట్టి పోయాడు. పొడుగాటి ఆకుపచ్చ సీసా, ఒంటినిండా జపాన్ రాతలు. వర్షిత ఫోన్ పెట్టి చదివింది. బియ్యంతో చేసిన సాకే అట. సాకే అంటే జపాన్ వాళ్ళు తాగే మందు. వేడి తగలనిది, చల్లగా ఉంచాలి, తొందరగా తాగేయాలి అని రాసి ఉంది.

నా ఒళ్ళు మండింది. నా ఫ్రిజ్‌లో పై అరలో దేవుడికి పెట్టే పాలగిన్నె ఉంటుంది.

"మందు సీసా నా ఫ్రిజ్‌లోనా? కుదరదు" అన్నాను.

"బియ్యం, నీళ్ళు. అంతే రాసుందే" అన్నారు ఈయన.

"కల్లు కూడా చెట్టు నీళ్ళేగా."

"పాపం పెద్దావిడ. పాడైపోతుంది అరుంధతీ."

అలా మాట్లాడితే నేనేం చేయను. సీసాని పాత పేపర్లో చుట్టి, కింద కూరల అరలో తోటకూర కట్టల అడుగున పెట్టాను. సాయంత్రం ఆవిడ తలుపు చప్పుడు వినగానే ఇద్దరం పట్టుకెళ్ళి ఇచ్చాం. ఆవిడ ఫ్రిజ్ తలుపు తీసింది. లోపల అలాంటివే రెండు సీసాలు, మూతలు తియ్యకుండా నిలబడి ఉన్నాయి. ఆవిడ మూడోది వాటి పక్కన పెట్టి తలుపు మూయబోతుంటే ఈయన ఊరుకోవచ్చు కదా.

"తొందరగా తాగేయాలని రాసుంది కదా ఆంటీ?"

ఆవిడ ఆ కొత్త సీసాని మళ్ళీ బయటికి తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

వాళ్ళ తమ్ముడు షోజీది అకితాలో సాకే చేసి అమ్మే చిన్న కొట్టు. తాతలనాటిది. బియ్యం ఆవిరి మీద ఉడికించి, దానికి ఒక రకం బూజు పట్టించి, చలికాలమంతా మంచులో నెమ్మదిగా పులియబెడతారట. ఇది వినగానే నాకు మా అమ్మమ్మ తరవాణి కుండ గుర్తొచ్చింది, అన్నం వార్చిన గంజి రోజూ అందులో పోసి పులియబెట్టేది. "అంటే మీది బాగా చదువుకున్న తరవాణి అన్నమాట" అన్నాను. ఆవిడకి తరవాణి అంటే ఏమిటో చెప్పేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది గానీ, అర్థమయ్యాక బాగా నవ్వింది.

ప్రతి ఏడూ కొత్త సాకే వడకట్టగానే ఆ తమ్ముడు మొదట అక్కకి ఒక సీసా పంపుతాడు. ఆవిడా లిమ్ అంకులూ కలిసి తాగి రుచి చెప్పేవారు. అంకుల్ పోయాక ఆవిడ సీసా మూత తియ్యలేదు.

"మా వైపు ఎవరి గిన్నెలో వాళ్ళు పోసుకోరు. ఆయన నాకు పోసేవాడు, నేను ఆయనకి పోసేదాన్ని. ఇప్పుడు నాకు నేను పోసుకుంటే..." అని ఆపేసి, "షోజీ ఫోన్ చేస్తే బాగుందిరా అని చెప్పేశాను. రెండేళ్ళూ అలాగే చెప్పాను" అంది.

వండని కూరకి ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు. నేను పైకి అనలేదు.

"ఈసారి అలా చెప్పలేను. వాడికి మోకాళ్ళు పోయాయి. పిల్లలకి అక్కర్లేదు. ఈ చలికాలంతో కొట్టు మూసేశాడు. ఇది వాడి చేత్తో చేసిన ఆఖరి సాకే. ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తానన్నాడు, రుచి ఎలా ఉందో చెప్పమని" అంది ఆవిడ. ఆఖరిదానికి కూడా అబద్ధం చెబితే వాడి మొహం ఎలా చూడనని ఆ సీసానే చూస్తూ కూర్చుంది.

మా ఆయన లేచి నిలబడ్డారు. "నేను పోస్తానాంటీ" అన్నారు. ఉగాది బూరెల తర్వాత ఆయన మొహంలో ఆ వెలుగు చూడటం అదే మొదలు.

శనివారం సాయంత్రం గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యారు. ఆంటీ బల్ల మీద సన్నమెడ పింగాణీ కూజా ఒకటి, మన ఉగ్గుగిన్నెకంటే చిన్నవి మూడు గిన్నెలు పెట్టింది. సీసా మూత తీసి కూజా నింపింది. ఈయన కూజాని రెండు చేతులా పట్టుకుని ఆవిడ గిన్నెలో పోశారు. ధార తెగలేదు, అంచు దాటలేదు. ఆవిడ కళ్ళార్పకుండా ఆ చేతినే చూసింది. తర్వాత కూజా తను అందుకుని, "ఇప్పుడు మీ గిన్నె, రావు సాన్" అంది.

ఈయన గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టారు. వేళ్ళు గట్టిగా దగ్గరగా. "నాకు వద్దాంటీ. అలవాటు లేదు. మీరు తాగండి, నేను పోస్తూ ఉంటాను."

ఆవిడ కూజా కింద పెట్టేసింది. గిన్నె ముట్టుకోలేదు. "అయితే నేనూ తాగలేను" అంది. కోపంగా కాదు, వాన వస్తోందన్నంత మామూలుగా.

"అదేంటాంటీ, హోటల్లో వెయిటర్ పోస్తే తాగుతారు కదా?"

"వెయిటర్ నాకు ఎవరూ కాదు. మీరు పోస్తే నేను తాగి, మీకు నేను పొయ్యకపోతే అది తాగడం కాదు, నాకు మందు పట్టించడం. ఆస్పత్రిలో నర్సులు పట్టిస్తారు చూడండి, అలాగ."

ఆ నిండు గిన్నెని తీసుకెళ్ళి లిమ్ అంకుల్ ఫోటో ముందు పెట్టింది. మాకు టీ ఇచ్చింది. మేం తాగి, తలలు వంచుకుని వచ్చేశాం.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. "ఒక్క గుక్క తాగితే ఏం పోయేది? పెద్దావిడ రెండేళ్ళకి మూత తీస్తే మళ్ళీ మూసుకునేలా చేశారు" అని కడిగేశాను. నిజానికి నాకు తెలుసు, ఆయన తాగరు. సింగపూర్ బయల్దేరుతున్నప్పుడు వాళ్ళమ్మ చేతిలో చెయ్యి వేయించుకుని మందు ముట్టనని ఒట్టు పెట్టించుకుంది. యార్డులో అంతమంది స్నేహితుల మధ్య ఇన్నేళ్ళూ నిలబెట్టుకున్నారు. అత్తగారు పోయి చాలా కాలమైంది. ఒట్టు మాత్రం అలాగే ఉంది.

"అమ్మకిచ్చిన మాట అరుంధతీ" అన్నారు మెల్లిగా. "కానీ రేపు ఆవిడ వాళ్ళ తమ్ముడికి ఏం చెబుతుంది?"

ఆయన గొంతు విని నా కోపం దిగిపోయింది. వర్షిత అప్పటిదాకా వింటోంది. "సో సింపుల్. అమ్మా, యూ డ్రింక్ లా" అంది నవ్వుతూ, నన్ను ఏడిపించడానికి.

నాకూ అదే తోచింది. "తాగుతాను" అన్నాను. "మాటిచ్చింది మీ నాన్న. నన్ను ఎవరూ ఏ మాటా అడగలేదు. ఆడపిల్లని అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. మంచిదే అయింది."

ఆయన నా వైపు, నేను దేవుడి అర ఎక్కి కూర్చున్నట్టు చూశారు. వర్షిత నవ్వు ఆగిపోయింది. తర్వాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. నేను వినిపించుకోలేదు. నాకు ఇంకో చిక్కు కనబడుతోంది. నేను తాగినా పోసేది ఈయన. పోసినవాడికి తిరిగి పోస్తేనే ఆవిడ తాగుతుంది. మరి ఈయన గిన్నెలో ఏం పోయాలి? కాసేపు ఆలోచించి, లేచి పెరుగు చిలికి పల్చగా నీళ్ళు పోసి పెట్టాను. పొద్దుటికి పైన తేట తేరుకుంటుంది. మజ్జిగ తేటకీ ఆ సాకేకీ రంగులో పెద్ద తేడా లేదు.

ఆదివారం సాయంత్రం మజ్జిగ తేట సీసాలో పోసుకుని, గుమ్మడి వడియాలు వేయించుకుని వెళ్ళాం. ఈయన మళ్ళీ తన సొంత తెలివి కొద్దీ ఆవకాయ కూడా తెచ్చారు. ఆంటీకి నేను సంగతి చెప్పాను. ఆయన అమ్మకిచ్చిన మాట, నా మజ్జిగ తేట. ఆవిడ శ్రద్ధగా విని, లోపలికి వెళ్ళి ఇంకో కూజా తెచ్చింది. లిమ్ అంకుల్‌దట. అందులో మజ్జిగ తేట పోసి బల్ల మీద తనవైపు పెట్టుకుంది.

"అమ్మకిచ్చిన మాట మంచి మాట. కానీ నా షరతులున్నాయి. ఈ కూజా మీరు ముట్టుకోకూడదు. లేవకూడదు. నేను పోసేటప్పుడు గిన్నె రెండు చేతులా పట్టుకుని ఉండాలి" అంది.

"మరి మీకు..."

"నాకు సాకే మీరే పోస్తారు, రావు సాన్. ముందు కూర్చోండి."

కూర్చున్నారు. కుర్చీ అంచు మీద, లేవడానికి సిద్ధంగా. నేను మోకాలి మీద చెయ్యి వేసి నొక్కి పట్టాను.

ఈయన ఆంటీకీ నాకూ పోశారు. ఆంటీ ఈయనకి మజ్జిగ తేట పోసింది. ఆ చిన్న గిన్నెని ఆయన పది వేళ్ళతోనూ పట్టుకున్నారు. బకెట్టు సాంబారు మోసిన చేతులవి.

నేను మనసులో అత్తగారికి ఒక దణ్ణం పెట్టుకుని గిన్నె ఎత్తాను. తాగక ముందు వాసన చూడమంది ఆంటీ. మగ్గిన అరటిపండు, దాని వెనక ఆవిరి పట్టిన అన్నం. నాలుక మీద చల్లగా, గంజి మీది తేటలా మెత్తగా పడింది. గొంతు మండుతుందనుకున్నాను. మండలేదు. దిగిపోయాక ఏమీ లేదనుకునేంతలో, కొత్త బియ్యం అన్నం ఉత్తది నమిలితే చివర్లో వచ్చే తీపి నోట్లో నిలిచింది. ఉన్నమాట చెబుతున్నాను, నాకు నచ్చింది. వడియంతో ఇంకా నచ్చింది. తర్వాత ఈయన బలవంతం మీద ఆవకాయ ముక్క నాలిక్కి రాసుకుని ఒక గుక్క వేస్తే, సాకే ఎటు పోయిందో తెలియలేదు. ఆవకాయ ముందు ఏదీ నిలబడదు. ఆంటీ ఆ జాడీకి మూత పెట్టి దూరంగా జరిపేసింది.

ఆవిడ మాత్రం మొదటి గుక్క నోట్లోనే ఉంచుకుని కళ్ళు మూసుకుంది. మింగాక కూడా తెరవలేదు. ఈయన లేవబోయారు. నేను నొక్కి పట్టాను. తర్వాత ఆవిడ లిమ్ అంకుల్ ఫోటో వైపు తిరిగి, వాళ్ళ భాషలో ఏదో సణిగింది. ముక్కు ఎగరేసింది. ఏదో తేడా పట్టినట్టే ఉంది.

అప్పుడే ఫోన్ మోగింది. తెర మీద తమ్ముడు. బట్టతల, ఎర్రటి బుగ్గలు, వెనకాల కిటికీలో మంచు. ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టింది. మొదట నెమ్మదిగా, తర్వాత చెయ్యి ఊపుతూ. మాటలు అర్థం కాకపోయినా చివాట్లు ఏ భాషలోనైనా తెలుస్తాయి. తమ్ముడు నోరు తెరుచుకుని వింటున్నాడు.

"ఏమంటున్నారాంటీ?" అన్నాను కంగారుగా. పాపం, ఆఖరి సాకే పంపి కొట్టు మూసుకున్న మనిషి కదా.

"తొందరపడ్డావురా అన్నాను. ఇంకో మూడు రోజులు ఆగి వడకట్టి ఉంటే చివర్లో ఆ తీపి ఇంత ఉండేది కాదు. నాన్న అయితే ఒప్పుకునేవాడు కాదు అన్నాను" అంది.

తెర మీద ఆ పెద్దమనిషి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ మెడలో తువ్వాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఏదో అడిగాడు. ఆంటీ గొంతు చటుక్కున తగ్గిపోయింది.

"రెండేళ్ళుగా బాగుంది, బాగుంది అంటుంటే నువ్వు తాగడం లేదని నాకు తెలుసక్కా అంటున్నాడు" అని చెప్పింది మాకు. "ఇవాళ తిట్టాను కాబట్టి తాగానని తెలిసిందట. ఎవరు పోశారు, అని అడుగుతున్నాడు."

ఫోన్ మా ఆయన వైపు తిప్పింది. ఆ తమ్ముడు ఈయన్ని చూసి, రెండు చేతులూ తొడల మీద ఆనించి, బట్టతల పూర్తిగా కనబడేదాకా వంగాడు. ఈయనకి ఏం చెయ్యాలో తోచలేదు. రెండు చేతులా గిన్నె ఉంది, దణ్ణం పెట్టడానికి వీల్లేదు. గిన్నెతోనే వంగారు. మజ్జిగ కొంచెం ఇస్త్రీ చొక్కా మీద ఒలికింది.

ఫోన్ పెట్టేశాక మేం ముగ్గురం చాలాసేపు కూర్చున్నాం. ఈయన గిన్నెలో మజ్జిగ మిగల్చకుండా తాగేశారు. పెట్టింది మిగల్చకూడదు కదా. ఖాళీ గిన్నె కనబడగానే ఆంటీ నింపింది. ఆయన మర్యాదగా మళ్ళీ తాగేశారు. ఆవిడ మళ్ళీ నింపింది. అదీ తాగారు. నాకు ఆ ముద్దపప్పు ఆదివారం గుర్తొచ్చి నవ్వాగలేదు. చెయ్యి అడ్డం పెట్టండని నేనూ చెప్పలేదు, ఆయనకీ తట్టలేదు. ఇంకోసారి నింపాక ఆయన నావైపు తిరిగి, చిన్నపిల్లాడిలా, "అరుంధతీ, నాకు ఇలా ఎవరూ..." అని మొదలుపెట్టి మిగతాది అనలేకపోయారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. ఇన్నేళ్ళూ నేను కూర్చోమంటే కూర్చోలేదు కదా అని కొంచెం ఒళ్ళు కూడా మండింది.

ఆ గిన్నె కూడా ఖాళీ చేశారు. ఆంటీ కూజా ఎత్తింది. ఈయన చటుక్కున గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాలాంటీ, నిజంగా చాలు" అన్నారు.

ఫుమికో ఆంటీ ఆయన మొహం చూడలేదు. కళ్ళజోడు సర్దుకుని, వంగి, ఆ చేతి వైపు చూసింది. వేళ్ళు విడివిడిగా ఉన్నాయి. ఆ సందుల్లోంచి పోసేసింది.